గిటారు మీది లక్క

ఇంట్లో పాత గిటారు ఉన్న మద్రాసు తెలుగువాళ్ళు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. "దీని పాలిష్ మాసిపోయిందండీ, గీకించేసి కొత్తగా వేయించమంటారా?" అవునని గాని, కాదని గాని ఒక్క ముక్కలో చెప్పవచ్చు. కాని అడిగినవారికి ఆ పూత ఏమిటో తెలియకపోతే ఆ ఒక్క ముక్క నిలవదు. మరునాడే వీధి చివర రంగుల దుకాణంవాడు ఇంకో ముక్క చెబుతాడు, అదే నెగ్గుతుంది. గిటారు పరాయి వాద్యం కనుక దాని మెరుపు కూడా పరాయిదేనని మనవాళ్ళ నమ్మకం. ఆ మెరుపు చరిత్ర వెతుక్కుంటూ పోతే మన లక్కపిడతల దగ్గర తేలుతాం.

లక్క అనగానే తెలుగువాడికి నాలుగు సంగతులు గుర్తుకు రావాలి. ఆడపిల్లలు బొమ్మల పెళ్ళిళ్ళలో వంటలు వండిన లక్కపిడతలు ఒకటి. పాండవులను తగలబెట్టడానికి దుర్యోధనుడు కట్టించిన లక్కయిల్లు రెండోది. పెళ్ళికూతురి పాదాలకు పెట్టే లత్తుక మూడోది. రిజిస్టరు కవరు మీద, పరీక్ష పేపర్ల కట్ట మీద వేసే లక్కముద్ర నాలుగోది. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలకు ఆ లక్కయిల్లు బడిలో 'అరక్కు మాళిగై'గానే పరిచయమవుతుంది. అందువల్ల లక్క, అరక్కు ఒకటేనని వాళ్ళకు ఎవరో ఒకరు చెప్పాలి. ఈ నాలుగూ ఒకే పురుగు పెట్టిన భిక్ష అన్న సంగతి పెద్దలకు కూడా ఎవరైనా చెబితే మంచిదే.

ఆ పురుగు ఆవగింజ కంటె చిన్నది. మోదుగ, రేగు, ఉత్తరాదివాళ్ళు కుసుమ్ అనే చెట్టు, ఇంకా కొన్ని చెట్ల లేత కొమ్మల మీద గుంపులు గుంపులుగా చేరి, రసం పీలుస్తూ, ఒంటి చుట్టూ ఒక జిగురును స్రవిస్తుంది. అది గట్టిపడి కొమ్మ చుట్టూ పొలుసులాంటి తొడుగు అవుతుంది. ఆ కొమ్మలను విరిచి, తొడుగును గీకి, దంచి, కడిగితే రెండు వస్తువులు వస్తాయి. కడిగిన నీళ్ళలోకి దిగేది ఎర్రరంగు, అదే లత్తుక. మిగిలిన గింజను కరిగించి రేకులుగా సాగదీస్తే వచ్చేది పాలిష్ లక్క. ఇంగ్లీషువాళ్ళు షెల్లాక్ అంటారు. జంతువుల నుంచి దొరికే బంక పదార్థాలలో వ్యాపారానికి పనికివచ్చినది ఇదొక్కటే. ఔషధపు మాత్రల మీద, చాక్లెట్ల మీద కనిపించే నిగనిగ కూడా చాలాసార్లు ఇదే. శాకాహార నియమం గట్టిగా పాటించేవారు ఈ వాక్యాన్ని చదవనట్టు దాటిపోవచ్చు.

ఈ పురుగు శాస్త్రజ్ఞుల కంట పడిన కథలో మద్రాసుకూ, గోదావరి జిల్లాకూ వాటా ఉంది. 1781లో జేమ్స్ కెర్ అనే వైద్యుడు దీన్ని గురించి లండన్ రాయల్ సొసైటీ పత్రికలో రాశాడు. అందుకే నేటి శాస్త్రనామం కెర్రియా లక్కా. మొదటి సగం ఆయన పేరు, రెండో సగం మనది. ఆ రోజుల్లో మద్రాసులో కంపెనీ వైద్యుల పెద్ద జేమ్స్ ఆండర్సన్. ఎర్రరంగునిచ్చే కోచినీలు పురుగును స్పెయిన్ వాళ్ళ చేతుల్లోంచి ఎలా తప్పించాలా అన్నది ఆయన పిచ్చి. 1786 నుంచి మద్రాసు చుట్టుపక్కల గడ్డీగాదం మీది పురుగులన్నిటినీ పరీక్షిస్తూ, సర్ జోసెఫ్ బ్యాంక్స్ కు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. కోచినీలు దొరకలేదు. కాని ఆ వెతుకులాటలో మైనంలాంటి ఒక తెల్లని పదార్థం దొరికితే దానికి 'తెల్ల లక్క' అని పేరు పెట్టి లండన్ కు పంపాడు. జార్జ్ పియర్సన్ దాన్ని విశ్లేషించి 1794లో వ్యాసం ప్రకటించాడు. ఆండర్సన్ 1809లో పోయాడు. సెయింట్ జార్జ్ కెథీడ్రల్ లో ఆయన పాలరాతి విగ్రహం ఉంది. కెథీడ్రల్ రోడ్డు మీద రోజూ తిరిగే మనవాళ్ళు ఎంతమంది చూశారో!

అసలు లక్కను చూసినవాడు మన సామర్లకోటలో ఉన్నాడు. విలియం రాక్స్ బర్గ్ అక్కడ కంపెనీ వైద్యుడుగా ఉంటూ తోటలు పెంచుతూ చెట్టు చెట్టుకూ బొమ్మ గీయించిన మనిషి. 1789లో కొండల నుంచి లక్క పట్టిన కొమ్మలు ఆయనకు తెచ్చి ఇచ్చారు. వాటిని వెడల్పు మూతి గాజు సీసాల్లో పెట్టి కనిపెడుతూ కూర్చున్నాడు. రెండు వారాలకు ఆ లక్క మీద వేలకొద్దీ సన్నని ఎర్రని ప్రాణులు పాకుతూ కనిపించాయి. ఆ పరిశీలన 1791లో రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆ కొమ్మలను తెచ్చి ఇచ్చిన కొండవారి పేర్లు మాత్రం అచ్చుకాలేదు. ఆ చెట్టేదో, కోత ఎప్పుడో ఆయనకంటె వాళ్ళకే బాగా తెలిసి ఉండాలి.

ఈ వైద్యులందరికీ కావలసింది రంగు. బంక వాళ్ళ దృష్టిలో పిప్పి. 1856లో పెర్కిన్ బొగ్గు తారు నుంచి కృత్రిమ రంగు తీయడంతో లెక్క తారుమారయింది. అటు తరువాత ఆ దారిన వచ్చిన చవక రంగుల ముందు లక్క రంగు నిలవలేకపోయింది. అప్పటిదాకా పిప్పి అనుకున్నదే అసలు సరుకయి కూర్చుంది.

కర్ర మీద లక్క పూయడం మనకు కొత్త కాదు. 1583 నుంచి అయిదేళ్ళు గోవాలో ఉన్న డచ్చివాడు లిన్ స్కోటెన్, తరిణి మీద తిరిగే కర్రకు మన పనివాళ్ళు లక్క కడ్డీ ఆనించే పద్ధతిని 1596లో అచ్చయిన తన పుస్తకంలో వర్ణించాడు. విశాఖ దగ్గర వరాహనది ఒడ్డున ఏటికొప్పాకలో జరిగేది అదే పని. అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటే రంగు లక్క కడ్డీని ఒత్తి పడతారు. ఒరిపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రను అంటుకుంటుంది. పైన మొగలాకుతో రుద్దితే మెరుపు వస్తుంది. మంట లేదు, బ్రష్షు లేదు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రసాయన రంగులు వచ్చిపడ్డాక మళ్ళీ పసుపు, నీలి లాంటి చెట్టు రంగులకు ఆ ఊరిని మళ్ళించిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

గుండ్రని వస్తువుకు తరిణి సరిపోతుంది. గిటారును తరిణి మీద తిప్పలేం కదా! అక్కడే ఫ్రెంచివాళ్ళ తెలివి పనికివచ్చింది. లక్క రేకులను సారాయి స్పిరిట్ లో కరిగించి, దూదిని గుడ్డలో మూటగట్టి, దానితో కర్ర మీద ఎనిమిది అంకె గీస్తున్నట్టు రుద్దుతూ పోవడం. స్పిరిట్ ఆవిరవుతుంది, వెంట్రుక కంటె పలచని లక్క పొర మిగులుతుంది. అలాంటివి పదులకొద్దీ పొరలు. ఈ విద్య పంతొమ్మిదో శతాబ్దపు తొలి రోజుల్లో పారిస్ లో వాడుకలోకి వచ్చింది కనుక ఫ్రెంచి పాలిష్ అయింది. మన వడ్రంగులు దాన్ని స్పిరిట్ పాలిష్ అన్నారు. సరుకు మనది, పేరు వాళ్ళది. లాకర్ అన్న మాట కూడా లక్క నుంచి పోర్చుగీసువాళ్ళ 'లాకా' మీదుగా వెళ్ళిందే. జపాను వాళ్ళ చెట్టుపాల పూతకు, అందులో లక్క చుక్క లేకపోయినా, ఐరోపావాళ్ళు ఆ పేరే తగిలించారు.

గిటారుకు ఈ పూత ఎందుకు కుదిరిందంటే, గిటారు పైపలక రెండు మూడు మిల్లీమీటర్ల మందపు మెత్తని కర్ర. తీగె మీటితే అది వణకాలి. దాని మీద దళసరి వార్నిష్ పడితే దుప్పటి కప్పినట్టే. పంతొమ్మిదో శతాబ్దపు స్పెయిన్ లో నేటి గిటారుకు రూపమిచ్చిన ఆంటోనియో దె తోరెస్ కాలం నుంచి మంచి క్లాసికల్ గిటారుకు లక్కే పూత. మన వీణకు దండీ, కుండా మెరవడానికి ఏది రాసినా, మెట్లను నిలబెట్టేది మాత్రం తేనెమైనమూ మసీ కలిపిన ముద్ద. గిటారు అలా మైనం మీద ఆధారపడదు; దాని మెట్లు లోహపు తీగెలు, కర్రలో దిగగొట్టినవి. అందుకే వీణవాళ్ళకు ఎండాకాలం భయమెక్కువ, గిటారువాళ్ళకు వానాకాలం.

మద్రాసుకు ఆ వాద్యాలు వచ్చిన దారి మౌంట్ రోడ్డు. 1842లో మిస్క్విత్ కంపెనీగా మొదలై తరువాత మ్యూజీ మ్యూజికల్ అయిన దుకాణం ఇప్పటికీ ఆ వీధిలోనే ఉంది. లండన్ ట్రినిటీ కాలేజీ సంగీత పరీక్షలు ఎన్నో తరాల పిల్లలు అక్కడి ద్వారానే రాశారు. మైలాపూరులో ధనరాజ్ మాస్టరు దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుని, ట్రినిటీ క్లాసికల్ గిటారు పరీక్షలో బంగారు పతకం తెచ్చుకున్న ఇళయరాజా, సంగీత దర్శకుడు కాకముందు జి.కె. వెంకటేశ్ వాద్యబృందంలో గిటారు వాయించాడు. వడపళని, సాలిగ్రామం స్టూడియోలలో తెలుగు పాటలకు గిటారు వాయించి, తెర మీద పేరు పడకుండానే రిటైరయినవారు ఎందరో. మన పాటల వెనక వినిపించే ఆ తీగె ఎవరిదో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కకు కూడా రారు.

లక్క ఆ వాద్యం మీద మాత్రమే ఉండిపోలేదు. ఆ పాట వినిపించిన ప్లేటు కూడా లక్కే. 78 తిరుగుళ్ళ గ్రామఫోను ప్లేటులో లక్క సుమారు పావువంతు, ఒక్కోసారి అంతకంటె తక్కువ. మిగతాది రాతిపొడి, నల్లమసి. ఆ రాతిపొడిని పట్టి ఉంచి, గాడి నిలబెట్టే బంక లక్క. మన దేశపు ప్లేట్లు మొదట్లో జర్మనీలోని హనోవర్ లో అచ్చయి వచ్చేవి. 1908లో కలకత్తా సియాల్దాలో కర్మాగారం పెట్టాక, ఇక్కడి లక్క ఇక్కడే ప్లేటయింది. 1924లో రాంచీ దగ్గర నామ్ కుమ్ లో లక్క పరిశోధనశాల వెలిసింది. 1942లో యుద్ధం వల్ల లక్క రవాణా చిక్కుపడితే, అమెరికా ప్రభుత్వం ప్లేట్లకు వాడే లక్కను బాగా కుదించేసింది. పాత ప్లేట్లు తెచ్చి ఇస్తే గాని కొత్తవి ఇవ్వని రోజులు అక్కడ నడిచాయి. మన అడవి పురుగు కొమ్మ దిగకపోతే అమెరికాలో పాట ఆగింది!

పేకేటి శివరాం హెచ్.ఎం.వి.లో ఉండగా ఘంటసాల చేత మొదటి రికార్డు ఇప్పించిన సంగతి చాలామందికి తెలుసు. సాలూరి రాజేశ్వరరావు, బాలసరస్వతీదేవి కలిసి పాడిన లలితగీతాలు, ఘంటసాల పాడిన పుష్పవిలాపం, ఇవన్నీ మొదట లక్క ప్లేట్ల మీదే తెలుగిళ్ళలోకి వచ్చాయి. ఒక తరం తెలుగు గొంతును దాచిపెట్టింది పురుగు స్రవించిన బంక అంటే అతిశయోక్తి కాదు.

ఇక గిటారు మీది రెండో పూత. 1846లో షోన్ బైన్ అనే రసాయన శాస్త్రవేత్త దూదిని నత్రికామ్లంలో నానబెట్టి పేలుడు దూది చేశాడు. దానికి కర్పూరం కలిపితే సెల్యులాయిడ్. ద్రావకాల్లో కరిగిస్తే నైట్రోసెల్యులోజ్ లాకర్. 1920ల దాకా కార్లకు రంగు ఆరడానికి వారాలు పట్టేది. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో పేరుతో ఈ లాకర్ ను తెచ్చాక ఆ పని గంటల్లోకి వచ్చింది. గిటారులు చేసేవాళ్ళు ఊరుకుంటారా? 1833లో న్యూయార్క్ లో మొదలైన మార్టిన్ కంపెనీ కూడా 1920లలో లక్క రుద్దడం మాని లాకర్ చిమ్మడానికి మారింది. మూట పట్టుకుని రుద్దే మనిషి పని పోయి తుపాకి వచ్చింది. మన పుదుపేట మెకానిక్కులు, వడ్రంగులు ఏ రంగు చిమ్మినా ఇప్పటికీ 'డ్యూకో కొట్టడం' అనే అంటారు. కంపెనీ పేరు పనికి పేరయి నిలిచింది.

ఇదే పేలుడు దూది మన సినిమాలను కూడా మోసింది. తొలి టాకీల ఫిల్ము పునాది నైట్రేటు. నిప్పు తగిలితే ఆరదు. అందులోనే ప్రాణవాయువు ఉంది కనుక నీళ్ళలో ముంచినా మండుతుంది. నిప్పు తగలకపోయినా కాలక్రమాన తానే చివికి, బంకలా అయి, చివరికి గోధుమరంగు పొడి అవుతుంది. కొడాక్ 1951లో నైట్రేటు ఫిల్ము తయారీ మానేసింది. హెచ్.ఎం. రెడ్డి తీసిన కాళిదాస్ 1931లోను, భక్తప్రహ్లాద 1932లోను విడుదలయ్యాయి. రెండింటి ప్రతులూ ఇప్పుడు లేవు. మన తొలి మాటలు ఆ దూదితోనే పోయాయి. లక్క ప్లేట్లు మాత్రం, పగలకుండా మిగిలినవి, ఈ రోజుకీ పలుకుతున్నాయి.

ఇంత దూరం ఎందుకు తీసుకువచ్చానంటే, పాత గిటారు మీద ఉన్నది ఈ రెంటిలో ఒకటయి ఉంటుంది. మూడోది కూడా ఉంది: ఇటీవలి చవక గిటారుల మీది ప్లాస్టిక్ లాంటి పాలీయురెథేన్, పాలియెస్టర్ పూతలు. వాటికి పెద్దగా సంరక్షణ అక్కరలేదు, దెబ్బ తింటే బాగుచేయడమూ సులభం కాదు. లక్క అలాకాదు. స్పిరిట్ తగిలితే పాత పొర మెత్తబడి కొత్త పొరతో ఏకమైపోతుంది. ఎనభయ్యేళ్ళ నాటి పూతకు నిన్న అతుకు వేసినా గీత కనబడదు. నైట్రో లాకర్ కూడా తన ద్రావకంతో అలాగే కలుస్తుంది. ఈ గుణం తెలిసినవాడు ఎన్నడూ మొత్తం గీకించడు.

సాలిగ్రామంలో ఒక తెలుగింట ఇలాంటి చర్చ జరిగినప్పుడు నేనున్నాను. ఇంటి పెద్దాయన ముప్పయ్యేళ్ళు స్టూడియోలలో గిటారు వాయించి పోయారు. కొడుకు అమెరికా నుంచి వచ్చి దాన్ని తీసుకుపోదలచాడు. ఒక దుకాణంలో చూపిస్తే, పాతదంతా గీకి, నున్నగా చేసి, అద్దంలా డ్యూకో కొట్టి ఇస్తామన్నారట. అడ్వాన్సు కూడా ఇచ్చేశాడు. పైపలక మీద కుడిచేయి ఆనేచోట పూత పూర్తిగా అరిగి తెల్లకర్ర బయటపడింది; తీగెల కింద బొటనవేలి గీతలు వాన గీతల్లా ఉన్నాయి. కొడుక్కి అది మాసిన బట్ట.

ఆవిడ మాత్రం, "తమ్ముడుగారూ, ఆయన చెయ్యి ఆనిన చోటండీ అది. అదీ పోతుందా?" అన్నారు.

ఆ పేట వడ్రంగాన్ని పిలిపించారు. డెబ్బై దాటిన మనిషి, మద్రాసు తెలుగు. ఏమీ మాట్లాడకుండా మెడ మడమ దగ్గర, ఎవరికీ కనబడని చోట, దూదిపుల్లతో ఒక చుక్క స్పిరిట్ అద్ది, వేలితో తాకి చూశాడు. జిగటగా వేలికి అంటింది. "ఇది లక్కే సార్. డ్యూకో కొట్టొద్దు. కొట్టినారంటే ఆ గొంతు రాదు" అన్నాడు.

"మరి ఈ అరిగినచోటు?" అని కొడుకు.

"దానిమీద రెండు పలచ పొరలు రుద్దుతాను. చెమట కర్రలోకి దిగకుండా ఉంటాది. అరుగు అరుగుగానే కనపడతాది బాబూ, అది ఎందుకు దాచేది?"

చెక్క గుణం గుర్తుపట్టి, పక్కలూ వెనకా ఇరుగుడు అనీ, మన పడమటి కనుమల కర్ర అనీ కూడా అతనే చెప్పాడు. బ్రెజిల్ రోజ్ వుడ్ దొరకడం కష్టమయ్యాక 1969లో మార్టిన్ కంపెనీ మన రోజ్ వుడ్ కు మారిన దగ్గరనుంచి ప్రపంచమంతా ఆ కర్రే. 2017లో దాన్ని అంతర్జాతీయ రక్షణ జాబితాలో చేర్చినప్పుడు గిటారులు సరిహద్దు దాటడానికి కాగితాలు కావలసివచ్చింది; 2019 నవంబరు నుంచి తయారైన వాద్యాలకు ఆ బెడద తగ్గించారు. ఒళ్ళు మన కర్ర, మెరుపు మన లక్క; పరాయిది ఏమన్నా ఉంటే కూర్పే. కొడుకు అడ్వాన్సు వదులుకున్నాడు. గిటారు అరుగుతో సహా విమానమెక్కింది.

గిటారు ఉన్నవారి కోసం, చెన్నైలో నేను చూసినవీ తెలుసుకున్నవీ కొన్ని చెబుతాను.

ముందు పరీక్ష. పైన చెప్పినట్టు మరుగుచోట ఒక చుక్క స్పిరిట్. జిగట వస్తే లక్క. రాకపోతే నైట్రో గాని, ప్లాస్టిక్ పూత గాని. లాకర్ థిన్నరుకు మెత్తబడితే నైట్రో. ఇది తెలిసిన చేతితో చేయవలసిన పని. గిటారు మొహం మీద చేసేది కాదు.

లక్కకు శత్రువులు మూడు: స్పిరిట్, వేడి, నీరు. 2020 తరువాత అందరి చేతుల్లోకి వచ్చిన శానిటైజరు నిండా స్పిరిట్టే. అది రాసుకున్న చేత్తో గిటారు ఎత్తుకుంటే వేలిముద్రలు శాశ్వతంగా పడతాయి. అదే కారణాన పాత 78 ప్లేట్లను కూడా స్పిరిట్ తో తుడవరాదు. గాడితో పాటు పాట కూడా గుడ్డకు వస్తుంది. వేసవిలో కారు డిక్కీలో గిటారు వదిలితే లక్క మెత్తబడి సంచీ నేత దాని మీద అచ్చు పడుతుంది.

చెమట వెంటనే తుడవాలి. దానికి ఉతికి ఉతికి మెత్తబడిన పాత పంచె ముక్కను మించిన గుడ్డ లేదు. నోటి ఆవిరి ఒక్కసారి ఊది తుడిస్తే చాలు. మనవాళ్ళకు ప్రతిదానికీ కొబ్బరినూనె రాయడం అలవాటు. అది ఆరదు, దుమ్మును పట్టుకుని జిడ్డవుతుంది, పగుళ్ళలోంచి కర్రలోకి దిగుతుంది. కార్లకూ బల్లలకూ చిమ్మే సిలికోన్ పాలిష్ ఇంకా చెడ్డది. అది ఒకసారి ఇంకితే తరువాత వేసే ఏ పూతా అంటుకోక చేపకళ్ళలా గుంటలు పడతాయి.

నైట్రో పూత ఉన్న గిటారును రబ్బరు తొడుగున్న స్టాండు మీద వదలకండి. రబ్బరులోని, కృత్రిమ తోలు పట్టీలలోని మెత్తబరిచే రసాయనాలు పూతను కరిగించి అక్కడే అతుక్కుంటాయి. స్టాండుకు నూలుగుడ్డ చుట్టండి. పెట్టెలో పురుగులు పట్టకుండా కర్పూరం బిళ్ళ వేస్తారు కొందరు. ఆ కర్పూరమే పేలుడు దూదిని మెత్తబరిచి సెల్యులాయిడ్ చేసినదని పైన చెప్పుకున్నాం. మూసిన పెట్టెలో దాని ఆవిరి పూతకు మంచిది కాదు. చలిగదిలోంచి తెచ్చి ఒక్కసారిగా ఎండలో పెడితే నైట్రో మీద ఎండిన చెరువులా నెర్రెలు పడతాయి. రికార్డింగు థియేటరు నుంచి బయటికి వచ్చాక పెట్టె వెంటనే తెరవకుండా అరగంట ఆగే అలవాటు పాత వాద్యగాళ్ళకు ఉండేది, దానికి కారణం ఇదే.

ఇక మన ఊరి గాలి. గిటారుకు నచ్చే తేమ నూటికి నలభై అయిదు నుంచి యాభై అయిదు పాళ్ళు. చెన్నైలో అది దొరికే రోజులు తక్కువ. ఆశ్వయుజం చివరినుంచి ఈశాన్య వానలు మొదలైతే గోడలే చెమరుస్తాయి. ఆ రెండు నెలలూ ఏ పూతా వేయించకండి. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడి, గాలిలోని తేమను లాక్కుని, పాలుపోసినట్టు తెల్లబడుతుంది. మాఘ ఫాల్గుణాల దాకా ఆగమని మంచి వడ్రంగి తానే చెబుతాడు. రేపే ఇస్తానన్నవాడి దగ్గరకు పోవద్దు. పెట్టెలో తేమ పీల్చే సిలికా పొట్లాలు వేసి, నెలకోసారి వేయించి ఎండబెట్టి మళ్ళీ వేయవచ్చు. లక్క రేకులు కొనేటప్పుడు కొంచెమే కొనాలి. స్పిరిట్ లో కరిపిన లక్క ఆరు నెలలు దాటితే సరిగా గట్టిపడదు, ఎన్ని రోజులైనా వేలికి అంటుతూనే ఉంటుంది. సీసా మీద కలిపిన తేదీ రాయించుకోండి.

చివరిగా సరస్వతీ పూజ. మన ఇళ్ళల్లో ఆ రోజు పుస్తకాలకూ, వాద్యాలకూ గంధం, పసుపు, కుంకుమ పెడతాం. తడిగంధం కింద లక్క తెల్లని మచ్చ కడుతుంది. అరిగినచోట పసుపు పడితే కర్రలోకి దిగి ఇక రాదు. నేను చూసిన మూడు నాలుగు గిటారుల మీద ఇలాంటి పసుపు చుక్కలున్నాయి, అన్నీ తలభాగంలోనే, అమ్మలు పెట్టినవే. బొట్టు పెట్టె మీద పెట్టండి. పెట్టె లేకపోతే, పట్టీ తగిలించే లోహపు మేకు మీద పెట్టండి.